గ్రహణం ఇద్దరికీ పట్టాలి కదా, మొర్రి ఒక్కరికేనా?

(విజయనగరం స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: పిల్లల డాక్టరు, జన్యుశాస్త్రం లెక్చరర్, ఒక పల్లె ఏఎన్ఎం, అంటే ఆరోగ్య కేంద్రం నర్సు.)

యాంకర్: బొబ్బిలి వైపు నుంచి ఒక పెద్దావిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నాకు కవల మనవరాళ్లు బాబూ. రెండో నెల. అచ్చు ఒక్కలాగే ఉంటారు. ఒకదానికి పై పెదవి చీలింది, కింది పెదవి మీద రెండు గుంటలున్నాయి. రెండోదానికి ఏటీ నేదు. గ్రహణం నాడు కోడలు వాకిట్లోకి వెళ్లింది, వద్దంటే విన్నేదు.

ఏఎన్ఎం: ఆ రోజు ఇద్దరూ ఒకే కడుపులో ఉన్నారు కదమ్మా! పట్టేదైతే ఇద్దరికీ పట్టాలి. కోడల్ని ఏమీ అనకండి. గ్రహణమంటే గర్భిణికి మంచినీళ్లు కూడా ఇవ్వని ఇళ్లున్నాయి, నా టెన్షనంతా దాని గురించే.

డాక్టర్: గుంటల సంగతి చెప్పి మంచిపని చేశారు. మొర్రి చూసినవాళ్లు కింది పెదవి చూడరు. రెండూ కలిసి ఉంటే వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బని అనుమానిస్తాం. మొర్రి పిల్లల్లో నూటికి ఇద్దరికి ఉంటుంది. బిడ్డను చూడకుండా ఖాయం చెయ్యలేను.

యాంకర్: ఒకే పోలిక కవలలకు జన్యువులు ఒకటే అంటారు. మరి?

లెక్చరర్: దాదాపు ఒకటే. ఒకే పిండం రెండుగా విడిపోయాక కూడా కణాలు పెరుగుతూనే ఉంటాయి, ఆ పెరుగుదలలో ఒకవైపు మాత్రమే జన్యువులో తప్పు పడవచ్చు. ఈ జబ్బుకు కారణమైన జన్యువు అలాగే బయటపడింది. 2002లో పరిశోధకులకు సరిగ్గా ఇలాంటి జంటే దొరికింది: ఒకరికి జబ్బు, ఒకరికి లేదు. ఇద్దరి జన్యువులనూ పోల్చి చూస్తే ఐఆర్ఎఫ్6 అనే జన్యువులో మార్పు జబ్బున్న బిడ్డలోనే కనిపించింది. తోబుట్టువులో లేదు, తల్లిదండ్రుల్లోనూ లేదు. వేరే కుటుంబాల్లోనూ అదే జన్యువు దెబ్బతిన్నట్టు తేలింది.

యాంకర్: మేనరికం మాటేమిటి? మన జిల్లాల్లో ముందు దాన్నే అంటారు.

లెక్చరర్: ఈ జబ్బుకు కాదు. జన్యువుకు రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. దీనికి ఒక్క కాపీ చెడితే చాలు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ చెడ్డ కాపీ రావాల్సిన జబ్బులకు మాత్రం మేనరికం ముప్పే, అక్కడ నేను సర్దిచెప్పను.

యాంకర్: గుంటలు లేని మామూలు మొర్రి సంగతి?

డాక్టర్: అది ఒక్క జన్యువుతో తేలదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి మొర్రి ఉంటే, రెండోవారికి రావడం సగం అటూఇటూ. వేరు పోలిక కవలల్లో అయితే నూటికి ఐదారు. అంటే జన్యువుల పాత్ర పెద్దదే, కానీ మొత్తం వాటిదే కాదు. పెదవి అతుక్కునేది గర్భం 4 నుంచి 7 వారాల మధ్య. నెల తప్పిందని అప్పుడప్పుడే తెలుస్తుంది, ఆస్పత్రికి వచ్చేసరికి ఆ పని అయిపోతుంది. పొగ, అదుపులో లేని షుగరు, వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మాత్రలు ముప్పు పెంచుతాయి. అలాగని మాత్రలు సొంతంగా ఆపేస్తే ఫిట్సే వస్తాయి. గర్భానికి ముందే డాక్టరుతో మార్పించుకోవాలి.

కాలర్: పాలు తాగదు బాబూ, ముక్కులోంచి వచ్చేస్తన్నాయి.

ఏఎన్ఎం: అంగిలి కూడా చీలిందేమో. పడుకోబెట్టి పట్టకండి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, తల్లిపాలు పిండి, ఉగ్గుగిన్నెతో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెం పొయ్యండి. మధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించండి. బరువు పెరగకపోతే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

డాక్టర్: పెదవికి 3 నుంచి 6 నెలల్లో, అంగిలికి ఏడాది దరిదాపుల్లో చేస్తారు. పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం ఆర్‌బీఎస్‌కే కింద మొర్రి పిల్లల్ని గుర్తించి పంపిస్తారు, మీ ఆశా కార్యకర్తను అడగండి.

కాలర్: బాగున్నదానికి రేపు పెళ్లయితే, దాని పిల్లలకి?

లెక్చరర్: ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలమ్మా, గుంటలు లేకుండా కూడా మార్పు దాగి ఉండొచ్చు. మార్పు ఉన్నవారి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. పరీక్షలో లేదని తేలితే ఆ పిల్ల నుంచి ఇది దిగదు.

కాలర్: ఆ మాట మా వియ్యపురాలికి ఒకసారి చెప్పండి బాబూ, పక్కనే ఉంది, ఫోన్ ఇస్తాను.