గాలి ఓడలు: తేలడం ఒక ఎత్తు, నిలవడం మరో ఎత్తు

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరం 1852 అని ఈ సీమలో వేరే చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 24న అన్రీ జిఫార్ అనే ఫ్రెంచి ఇంజనీరు, 44 మీటర్ల పొడవున్న హైడ్రోజన్ సంచి కింద మూడు అశ్వశక్తుల ఆవిరి యంత్రాన్ని వేలాడదీసుకుని, పారిస్ నుంచి ట్రాప్ అనే ఊరి దాకా సుమారు 27 కిలోమీటర్లు ప్రయాణించాడు. నిప్పురవ్వ ఒక్కటి పైకి లేచినా ప్రాణం దక్కదు కనుక బాయిలరు పొగగొట్టాన్ని కిందికి తిప్పి పెట్టుకున్నాడు. ఆ జాగ్రత్త ఫలించింది, నిప్పు అంటుకోలేదు. కానీ ఎదురుగాలికి యంత్రం చాలక, బయలుదేరిన చోటికి తిరిగి రాలేకపోయాడు. ఇలా గాలికంటే తేలికైన వాయువుతో తేలుతూ యంత్రంతో నడిచేవే గాలి ఓడలు. వాటి చరిత్రను చాలామంది అగ్నిప్రమాదాల చరిత్రగా చెబుతారు. నా అభిప్రాయంలో అది మొదటి నుంచీ గాలితోను, బరువుతోను జరిగిన పోరాటం. ఈనాటి కొత్త ఓడలను కూడా ఆ రెండింటి దగ్గరే పరీక్షించాలి.

ముందు బరువు సంగతి చూద్దాం. నేల మట్టాన ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అంతే చోటులో హైడ్రోజన్ 90 గ్రాములు, హీలియం 170 గ్రాముల చిల్లర తూగుతాయి. అంటే హీలియం నింపిన ప్రతి ఘనపు మీటరూ దాదాపు ఒక కిలోను ఎత్తగలదు. పది టన్నుల సరుకు లేపాలంటే ఓడ సొంత బరువు లెక్కలోకి తీసుకోకుండానే పదివేల ఘనపు మీటర్ల వాయువు కావాలి. ఇక గోదావరి రేవులో ఇసుక పడవను చూడండి. నిండుగా ఉన్నప్పుడు దాని అంచు నీటికి జానెడు ఎత్తులో కూడా ఉండదు. ఇసుక దింపుతున్నకొద్దీ పడవ పైకి తేలుతూ వస్తుంది, ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది. నీటికి పైమట్టం ఉంది కనుక ఆగింది. గాలి ఓడకు అలాంటి మట్టం దగ్గరలో లేదు. పది టన్నులు దింపిన మరుక్షణం, ఆ పది టన్నులకు సరిపడా బరువు మళ్లీ ఎక్కించకపోతే, అది ఆకాశంలోకి లేచిపోతుంది. ఇంధనం కాలిపోతున్నా, వానకు పైకప్పు తడిసినా, ఎండకు వాయువు వ్యాకోచించినా ఈ లెక్క మారుతూనే ఉంటుంది.

గాలిని మొదట గెలిచినది 1884 ఆగస్టు 9న ఎగిరిన లా ఫ్రాన్స్ అనే ఓడ. రెనార్, క్రెబ్స్ అనే ఇద్దరు సైనికాధికారులు విద్యుత్ మోటారుతో దాన్ని ఎనిమిది కిలోమీటర్లు తిప్పి, 23 నిమిషాల్లో బయలుదేరిన చోటికే తెచ్చి దింపారు. 1900 జూలై 2న జర్మనీలోని కాన్‌స్టన్స్ సరస్సుపై కౌంట్ జెప్పెలిన్ నిర్మించిన 128 మీటర్ల ఓడ ఎగిరింది. లోహపు చట్రం లోపల విడివిడి వాయుసంచులు అమర్చడం ఆయన పద్ధతి. తరువాతి ఓడల్లో ఆ సంచులకు పశువుల పేగుల పైపొరను పలుచగా సాగదీసి, ఒకదాని మీద ఒకటి అతికించి వాడేవారు. ఒక్క ఓడకు లక్షల పశువుల పొరలు పట్టేవి. 1908 ఆగస్టులో ఆయన నాలుగో ఓడ, ఎక్టర్‌డింగెన్ దగ్గర కట్టి ఉంచిన చోటే ఈదురుగాలికి తెగి, అంటుకుని బూడిదైంది. జర్మను ప్రజలు అరవై లక్షల మార్కులకు పైగా చందాలిచ్చి ఆ వృద్ధుణ్ణి నిలబెట్టారు. మరుసటి ఏడాదే ఆ ఓడలతో ప్రయాణికులను చేరవేసే సంస్థ ఏర్పడింది.

1928లో వచ్చిన గ్రాఫ్ జెప్పెలిన్ గురించి నేను కొంచెం ఆగి చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే బరువు సమస్యకు దానిలో చూపిన పరిష్కారం నాకు ఎంతో ఇష్టం. దాని ఇంజన్లు ప్రధానంగా పెట్రోలుతో కాక బ్లౌ గ్యాస్ అనే వాయు ఇంధనంతో నడిచేవి. ఆ వాయువు సాంద్రత గాలి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. అది ఖర్చయిన చోటును గాలి ఆక్రమిస్తే ఓడ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు, తేలిక కాకుండా ఉండటానికి విలువైన హైడ్రోజన్‌ను వదులుకోవలసిన అగత్యమూ ఉండదు. ఆ ఓడ హ్యూగో ఎకెనర్ నాయకత్వంలో 1929లో భూమిని చుట్టివచ్చింది. తన జీవితకాలంలో 590 ప్రయాణాలు చేసి, ఒక్క ప్రయాణికుడికీ గాయం కాకుండా విరమించింది.

అదే కాలంలో బ్రిటిషు ప్రభుత్వం మన దేశానికి గాలి ఓడల మార్గం వేయ సంకల్పించి, కరాచీలో పెద్ద షెడ్డు, ఓడను కట్టే స్తంభం కట్టించింది. అక్కడికి రావలసిన ఆర్ 101 ఓడ అనుకున్నదానికంటే బరువెక్కింది. వాయుసంచులను పట్టి ఉంచే తీగలను వదులు చేసి, సంచులు ఎక్కువ ఉబ్బేటట్టు చేశారు. దానితో అవి చట్రపు బోల్టులకు, రివెట్లకు రాసుకుని చిల్లులు పడసాగాయి. రాసుకునే చోట్ల వేలకొద్దీ మెత్తలు కట్టారు. అదీ చాలక ఓడను మధ్యకు కోసి, మరో వాయుసంచి పట్టే భాగాన్ని చేర్చారు. తగిన పరీక్షలు పూర్తి కాకుండానే విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్‌ను ఎక్కించుకుని 1930 అక్టోబరు 4 సాయంత్రం వానగాలిలో బయలుదేరిన ఆ ఓడ, తెల్లవారకుండానే ఫ్రాన్సులో బోవే పట్టణం దగ్గర కూలింది. ఉన్న 54 మందిలో 48 మంది మరణించారు, మంత్రి కూడా వారిలో ఒకరు. ఒక తేదీ కోసం యంత్రాన్ని తొందరపెట్టడం ఎంతటి నేరమో ఈ ఒక్క ఘటన చాలు చెప్పడానికి.

1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో హిండెన్‌బర్గ్ అనే జర్మను గాలి ఓడ తగలబడిన దృశ్యం మీరంతా చూసే ఉంటారు. అందులో ఉన్న 97 మందిలో 35 మంది, నేలమీద ఒకరు చనిపోయారు. దాన్ని నిప్పంటుకోని హీలియం కోసమే రూపొందించారు. కానీ హీలియం అమెరికా చేతిలో ఉంది, ఎగుమతిని చట్టంతో కట్టడి చేసింది. అందుకే హైడ్రోజన్‌తో నింపవలసి వచ్చింది. హీలియానికి మన ప్రాంతంతో ఒక బంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు. ఆ గ్రహణంతో ఊపందుకున్న పరిశోధనల్లోనే, అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ సూర్యుడి వర్ణపటంలోని ఒక పసుపు గీత తెలిసిన ఏ మూలకానికీ సరిపోవడం లేదని గుర్తించాడు. అదే హీలియం.

అయితే హీలియం ఉంటే చాలునా? అమెరికా నౌకాదళపు ఏక్రన్ హీలియం నింపిన ఓడే. 1933 ఏప్రిల్ 4న అట్లాంటిక్ తీరాన తుపానులో చిక్కి సముద్రంలో పడి 76 మందిలో 73 మందిని బలిగొంది. హిండెన్‌బర్గ్ మృతుల సంఖ్యకు ఇది రెట్టింపు. నిప్పు లేదు, గాలి ఒక్కటే.

రెండో ప్రపంచయుద్ధంలో చట్రం లేని చిన్న బ్లింపులు సముద్రపు కాపలాకు బాగా పనికివచ్చాయి. ఆ తరువాత దశాబ్దాల తరబడి చెప్పుకోదగ్గ ప్రగతి లేదు. 1997లో జర్మనీలోనే జెప్పెలిన్ ఎన్‌టీ ఎగిరింది, పర్యాటకులను నేటికీ తిప్పుతోంది. బెర్లిన్‌కు దక్షిణాన 360 మీటర్ల పొడవైన షెడ్డు కట్టిన కార్గోలిఫ్టర్ సంస్థ మాత్రం సరుకు ఓడను కట్టకముందే 2002లో దివాలా తీసింది. ఆ షెడ్డు ఇప్పుడు జలవిహార కేంద్రం. బ్రిటన్‌లో తయారైన 92 మీటర్ల ఎయిర్‌లాండర్, ఎత్తుబలంలో కొంత భాగాన్ని విమానంలా తన ఆకృతి నుంచి పొందుతుంది. అందువల్ల సరుకు దింపితే అమాంతం లేచిపోదు. ఇది తెలివైన ఆలోచన. అయినా 2017లో అది కట్టుస్తంభం నుంచి ఊడిపోయి, తనను తాను ఖాళీ చేసుకుని నేలకూలింది. అరవై టన్నుల కలపను అడవుల నుంచి తెచ్చేందుకు ఫ్రాన్సులో రూపొందిస్తున్న 200 మీటర్ల ఓడ, గాలిలో నిలిచే సరుకు దింపి, బదులుగా నీటిని ఎక్కించుకునే పద్ధతిని నమ్ముకుంది. కాలిఫోర్నియాలో కార్బన్ ఫైబర్, టైటానియం చట్రంతో కట్టిన 124 మీటర్ల పాత్‌ఫైండర్ 1 ఓడ 2024 అక్టోబరులో తాడు లేకుండా ఎగిరింది.

ఇలాంటి ఓడ మన లంకలకు పనికివస్తుందా అని కొందరు విద్యార్థులు ముందే అడిగారు. 1986లో గాని, 2022 జూలైలో గాని వచ్చిన వరదలను తలచుకుంటే ఆశ కలుగుతుంది. ఎగువన కురిసిన వానకు గోదావరి పొంగుతుంది కనుక లంకలు మునిగిన రోజున ఇక్కడ ఆకాశం తెరిపిగానే ఉండవచ్చు. దిగడానికి మెట్ట లేకపోయినా గాలి ఓడ పైనే నిలిచి బియ్యం, మందులు దింపగలదు. బదులు ఎక్కించుకోవలసిన నీరు కింద కావలసినంత. కాని 1996 నవంబరు 6 నాటి తుపాను వంటిది వస్తే, కొబ్బరి చెట్లనే మొదలంటా పెకలించిన ఆ గాలికి 200 మీటర్ల ఓడను స్తంభానికి కట్టి కాపాడలేం. కనుక దాని నివాసం తీరానికి దూరంగా, లోపలి జిల్లాల్లో ఉండాలి, అంతటి షెడ్డు ముందు కట్టాలి. ఈ ఖర్చు చెప్పకుండా గాలి ఓడలను పొగడటం సరికాదు.

వానలకు, తుపానులకు పైన నిలబడే మార్గం ఇంకొకటి ఉంది. 2025 మే 3న డీఆర్‌డీవో మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ నుంచి స్ట్రాటోస్ఫియర్ అనే పై వాతావరణ పొరలో నిలిచే గాలి ఓడను సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపి 62 నిమిషాలు పరీక్షించింది. ఆ ఎత్తులో గాలి సాంద్రత నేలమీది దానిలో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి కొద్దిపాటి పరికరాలను మోయడానికి కూడా భారీ సంచి కావాలి. పగలు ఎండతో బ్యాటరీలు నింపుకుని, రాత్రంతా మోటార్లు తిప్పుకుంటూ, గాలికి కొట్టుకుపోకుండా ఒకే చోట నెలల తరబడి నిలవగలిగితే అది ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా నది కదలికను ఒకే చూపులో పట్టి ఇవ్వగలదు. 62 నిమిషాల నుంచి నెలలకు చేరడంలో ఉన్నది ప్రధానంగా బ్యాటరీల బరువు, సంచి గుడ్డ బరువు, మోటార్ల బలం. ఇక్కడి భౌతికశాస్త్ర, రసాయనశాస్త్ర విద్యార్థులు చేయి పెట్టగల పని అది.