మన బ్యారెల్‌కి ఏ పెల్లెట్ పడుతుంది?

(నల్గొండలో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత ఎండలో మునుగోడు నుంచి, దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులకు ముందుగా దండం. మీరంతా నన్ను అడిగేది ఒకటే: "సార్, ఏ రైఫిల్ కొనాలె?" ఇవాళ రైఫిల్ సంగతి పక్కన పెడదాం. అందులో పెట్టే, బ్యారెల్ అనే గొట్టం గుండా దూసుకుపోయే అర గ్రాము సీసం గుండు, అంటే పెల్లెట్ గురించి మాట్లాడతాను.

మా తాత జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలేవాడు. రాళ్లు ఏరుకొచ్చే పని నాది. దోసిలి నిండా తెస్తే సగం పారేసేవాడు. ఒక్కో రాయిని అరచేతిలో ఎగరేసి చూసి, "ఇది పోదురా" అని కింద పడేసేవాడు. చివరికి నామీద నమ్మకం పోయి, రేగడి మట్టితో ఒకే సైజు ఉండలు చేసి ఎండబెట్టుకున్నాడు. "రాయి తీరుకొకటి ఉంటే చెయ్యి ఏం నేర్చుకుంటదిరా?" అనేవాడు.

అమెరికాలో తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ల ఆరాటమూ ఇదే. అక్కడ పిస్టల్ తూటానే వేసి, కింది మీట (లివర్) ఆడించి కాల్చే రైఫిళ్లు ఉన్నాయి. 1873 నాటి వించెస్టర్ రైఫిల్ తూటానే కొన్నేళ్లకు కోల్ట్ రివాల్వర్‌కూ సరిపోయేలా చేశారు. నడుముకొకటి, భుజానికొకటి, తూటా మాత్రం ఒక్కటే. అలాంటి రైఫిల్ ఉన్నవాళ్లు తూటాలో పేలుడు మందు మార్చి, గుండు మార్చి, తమ బ్యారెల్‌కి ఏది పడుతుందో నెలల తరబడి వెతుకుతారు. ఆ రైఫిల్లో తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కి, అంటే దెబ్బ తగిలితే తూటాను పేల్చే అడుగు బిళ్లకి ఆనుతుంది. మొన సూదిగా ఉంటే ప్రమాదం, అందుకే చదునుగా చేస్తారు. పోటీల్లో వాడే మన మ్యాచ్ పెల్లెట్ మొన కూడా చదునే, కానీ కారణం వేరు: కాగితానికి గుండ్రంగా, శుభ్రంగా చిల్లు పడాలి. ఒక మాట గట్టిగా చెప్తున్నా. లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. యూట్యూబ్ చూసి ఎవరికైనా ఆ ఆలోచన వస్తే ఇక్కడే వదిలేసి పొండి. మనకు నింపుకునే పని లేదు, ఎంచుకునే పనే.

ఆ ఎంపిక ఎందుకంత ముఖ్యమో లెక్క చూడండి. పది మీటర్ల టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. అంచు చుక్కను తాకితే పదే. అంటే మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు తప్పినా పాత పద్ధతిలో పూర్తి మార్కులే. 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ క్వాలిఫికేషన్‌లో 600కి 598 కొట్టి, ఫైనల్‌తో కలిపి 701.1తో కాంస్యం తెచ్చాడు. మరుసటి ఏడాది నుంచి ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్‌లోనూ దశాంశాలు లెక్కపెడుతున్నారు. ఇప్పుడు పావు మిల్లీమీటరు జరిగితే 0.1 పాయింటు పోతుంది. అరవై షాట్లలో ఒక్కోదానికి అంత పోయినా మొత్తం ఆరు పాయింట్లు. ఆరు పాయింట్లంటే ఫైనల్ చేరడానికీ, సామాను సర్దుకోవడానికీ మధ్య ఉండే తేడా.

ఈ సంగతి నేను దెబ్బ తిని తెలుసుకున్నా. పేరున్న షూటర్ వాడుతున్నాడని విని, అదే పెల్లెట్ పది డబ్బాలు ఒకేసారి కొన్నాను. ఇంట్లో చెప్పలేదు, చెప్తే తిట్లు. సెలక్షన్‌లో ప్రతి పది షాట్లకు ఒకటి ఎటో పోయేది. టెన్షన్ అనుకున్నా, ఊపిరి సరిగా పట్టలేదనుకున్నా, ఆఖరికి కళ్లద్దాలు కూడా మార్చా. ఆర్నెల్ల తర్వాత రైఫిల్‌ని వైస్‌లో, అంటే కదలకుండా పట్టే ఇనుప బిగింపులో బిగించి కొడితే, నేను పట్టుకోకపోయినా ఆ పదో షాట్ పక్కకే పోయింది!

పెల్లెట్ తల కొలత డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. తేడా వెంట్రుక మందంలో ఏడో వంతు. కానీ బ్యారెల్ లోపలి గాడులు ఆ తలనే పట్టుకుని తిప్పుతాయి, వెనక లంగా లాంటి అంచు గాలిని ఆపుతుంది. ఒకే కంపెనీవి రెండు బ్యారెళ్లు తీసుకున్నా, లోపల అచ్చంగా ఒక్కతీరుగా ఉండవు. నా దానికి 4.50 పడితే, మీ దానికి 4.49 పడొచ్చు.

వైస్ లేనివాళ్లు పాత జీన్స్ కాలు కోసి, మిర్యాలగూడ బియ్యం పోసి కుట్టుకోండి. దానిమీద రైఫిల్ ఆనించండి. పెల్లెట్ మార్చిన ప్రతిసారీ మొదటి ఐదారు లెక్కలోకి తీసుకోవద్దు. తర్వాత ఒకే కార్డు మీద పది కొట్టండి. ఐదుతో ఆపితే అదృష్టం మోసం చేస్తుంది. చిల్లుల గుంపును ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచి 4.5 తీసేయండి. మర్నాడు మళ్లీ కొట్టండి. రెండు రోజులూ బాగున్నదే మీది. స్ప్రింగ్ బలంతో గాలిని నెట్టే స్ప్రింగ్ గన్ ఉన్నవాళ్లు మాత్రం వైస్‌లో బిగించొద్దు. పెల్లెట్ బయటికొచ్చేలోపే అది వెనక్కీ ముందుకీ కదులుతుంది. మెత్తగా, ప్రతిసారీ ఒకేలా పట్టుకుని కొట్టాలి.

తూకం సంగతీ అడుగుతుంటారు. క్లాక్ టవర్ దగ్గర ఒక కంసాలి కాటా మీద ఒక డబ్బాలోని ఐదొందల పెల్లెట్లూ తూచాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు, న్యాయమే. మంచి మ్యాచ్ డబ్బాలో తేడా ఒకటి రెండు మిల్లీగ్రాములే, దానివల్ల నా కార్డులో పెద్ద మార్పు కనిపించలేదు. దానికన్నా ఫొటో ఫ్రేము అద్దం మేలు. కొంచెం వాలుగా పెట్టి పెల్లెట్‌ను దొర్లించండి. తల చిన్నది, అంచు పెద్దది కాబట్టి వంకర తిరిగి పోతుంది. అన్నీ ఒకే వంపులో పోవాలి. ఎగుడుదిగుడుగా పోయినదాన్ని వెలుతురులో తిప్పి చూడండి, అంచున సొట్ట కనపడుతుంది. అది ప్రాక్టీసుకు పనికొస్తుంది, మ్యాచ్‌కి కాదు. డబ్బాను జేబులో వేసుకుని సైకిల్ తొక్కితే సొట్టలు పడతాయని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాలుగు రకాల డబ్బాలు బల్ల మీద పెట్టాను. కార్డు వెనక రకం, తేదీ రాయండి. ఇది సీసం, నోట్లో పెట్టుకోవద్దు. బయట మిర్చి బజ్జీలు వేస్తున్నారు, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అటు పొండి.