రాత్రే వండిన గుడ్డు

శ్రోతలకు నమస్కారం.

ఒక చేత్తో పళ్లు తోముకుంటూ రెండో చేత్తో గుడ్డు కొట్టిన ఉదయాలు నాకు చాలానే ఉన్నాయి. ఆమ్లెట్‌లో పెంకు ముక్క పంటికింద పడి కరకరమంటుంటే, పరుగున బయటపడేదాన్ని. అందుకే ఇప్పుడు ముందురోజు రాత్రే వండేస్తున్నాను.

"నిన్నటి గుడ్డు రబ్బరులా ఉంటుంది కదా!" అంటారు. ఉంటుంది, రెండుసార్లూ గట్టిగా వండితే. గుడ్డులోని ప్రొటీన్లు వేడికి వలలా అల్లుకుని, ఆ వలలో నీటిని పట్టి ఉంచుతాయి. వేడి ఎక్కువైతే వల బిగుసుకుని నీటిని పిండేస్తుంది. మర్నాడు డబ్బా అడుగున కనిపించే నీళ్లలో అవీ ఉంటాయి. కాబట్టి రేపు పొద్దున తగలబోయే వేడిని కూడా లెక్కలో పెట్టుకుని, ఈ రాత్రి కాస్త ముందుగానే దించాలి.

నేను ఎక్కువగా చేసేది గుడ్డు మఫిన్లు. ఆరు గుడ్లు, ఆరు చెంచాల పాలు, ఉప్పు, మిరియాల పొడి వేసి గిలక్కొట్టి, నూనె రాసిన ఆరు కప్పుల్లో పోస్తాను. పాలకూర, పుట్టగొడుగులు, టమాటా లాంటివి మాత్రం పచ్చివి వేయకండి. వాటిలో ఉండేదంతా నీళ్లే. ముందు పెనం మీద చెమ్మ ఆరేదాకా వేయించి, చల్లారాక కలపండి. ఒవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 20 నిమిషాలలోపే అవుతాయి. అంచులు గట్టిపడి, నడుమ పచ్చిసొన కనిపించకుండా మెత్తగా ఉన్నప్పుడే తీసేయండి. లోపలి వేడికి మిగతాది అదే సర్దుకుంటుంది. ఒవెన్ లేకపోతే చిన్న గిన్నెల్లో పోసి ఆవిరి మీద ఉడికించుకోవచ్చు.

వేడిగా ఉండగానే మూత పెడితే ఆవిరి చుక్కలై మళ్లీ గుడ్డు మీదే పడుతుంది. ఆరనిచ్చి మూత పెట్టండి, రెండు గంటలలోపు మాత్రం ఫ్రిజ్‌లో చేరాలి. మూడు నాలుగు రోజులు బాగుంటాయి.

అంత ఓపిక లేని వారానికి ఉడికించిన గుడ్లే దిక్కు. వీటికి నిన్న కొన్న గుడ్డు కంటే వారం కిందటిది మేలు. రోజులు గడిచేకొద్దీ పెంకులోని సన్నటి రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకోవడం మానేస్తుంది. పెంకు సులువుగా ఊడుతుంది. నీళ్లు మరిగాక గుడ్లు అందులోకి మెల్లగా వదిలి, 11 నిమిషాలకు తీసి చన్నీళ్లలో వేయండి. ఆలస్యమైతే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత కడుతుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి చేసే పని అది. తింటే ఏమీ కాదు, చూడ్డానికే బాగోదు. పెంకుతోనే ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి.

మఫిన్లను మైక్రోవేవ్‌లో తడి కాగితం కప్పి, సగం పవర్‌లో, లోపలిదాకా వేడెక్కేలా కొద్దికొద్దిగా వేడిచేయండి. ఉడికించిన గుడ్డును మాత్రం, పెంకు తీసినా సరే, అందులో పెట్టొద్దు. లోపల ఆవిరి చిక్కుకుంటుంది. నేనొకసారి పెట్టాను. తలుపు తీసేదాకా బుద్ధిగానే కూర్చుంది. ఫోర్క్ గుచ్చగానే టప్పుమంది. పచ్చసొన పొడి నా కళ్లజోడు మీద, గోడ మీద, ఆ రోజే ఇస్త్రీ చేసిన చొక్కా మీద.

సెలవు.