జూనియర్‌గా చేరిన ఆఫీసు వదలాలా, వద్దా?

(విజయనగరంలో యువ న్యాయవాదుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. యువ న్యాయవాద మిత్రులారా,

బార్‌లో అడుగుపెట్టి ఏడాదో రెండేళ్లో అయిన పిల్లలు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "సార్, ఆ ఆఫీసులో ఉండలేకపోతున్నాను, మానేస్తే నష్టపోతానా?" మానెయ్యమనో, ఓర్చుకోమనో ఒక్క ముక్కలో చెప్పెయ్యడం తేలికే. కానీ మానేస్తే నిజంగా పోయేదేమిటో, పోతుందని ఊరికే భయపడుతున్నదేమిటో విడదీసి చూడకుండా ఇచ్చే సలహా ఎవరికీ అక్కరకు రాదు.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న పునరుద్ధరించినప్పటి నుంచి ఈ భయం ఎక్కువైంది. ప్రాక్టీసు చేసినట్టు సీనియర్ ధ్రువపత్రం ఇవ్వకపోతే మూడేళ్లూ వృథా అవుతాయన్న బెంగతో, పని నేర్పని చోట, మర్యాద దక్కని చోట కూడా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవారు ఉన్నారు. ఆ తీర్పు ప్రకారం ప్రాక్టీసు కాలం తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా పేరు నమోదు) తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ధ్రువపత్రాన్ని మీరు ప్రాక్టీసు చేసే కోర్టు ప్రధాన న్యాయాధికారి ఇవ్వవచ్చు. లేదా కనీసం పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది ఇచ్చిన పత్రాన్ని ఆ అధికారి ఆమోదించవచ్చు. ఆ న్యాయవాది మీరు మొదట చేరిన సీనియరే కావాలన్న షరతు లేదు. కాబట్టి ఆఫీసు మారినంత మాత్రాన మీ ఏళ్లు ఎక్కడికీ పోవు.

పోయేది మరోచోట ఉంది. విసుగెత్తి ఏ హైదరాబాద్ కంపెనీ లీగల్ విభాగంలోనో నెల జీతానికి చేరితే న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన వర్తిస్తుంది. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది పూర్తికాలపు జీతం ఉద్యోగి కాకూడదు. చేరితే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలిపి, ఉద్యోగం ఉన్నంతకాలం ప్రాక్టీసు ఆపాలి. అక్కడితో మీ మూడేళ్ల లెక్క నిలిచిపోతుంది. ఉద్యోగానికి వెళ్లడం తప్పని నేను అనను. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల భృతి ఇవ్వాలని సిఫార్సు చేసింది. సిఫార్సే తప్ప ఆజ్ఞ కాదు గనుక, దాన్ని ఎందరు పాటిస్తున్నారో ముందు వరుసలో కూర్చున్న సీనియర్లకు నేను చెప్పనక్కరలేదు. ఇంటి బాధ్యత మీద పడిన పిల్లవాడు జీతం వెతుక్కుంటే అది వివేకమే. ఒక ఆఫీసు మీద కోపంతో కోర్టునే వదిలేస్తే మాత్రం ఒకసారి ఆగి ఆలోచించాలి.

ఆ ఆలోచనకు మీ కేస్ డైరీ తీయండి. గడిచిన ఆరు నెలల్లో ప్రతి వాయిదాకూ ఎదురుగా, ఆ రోజు మీరు చేసిన పనేమిటో రాయండి. "సార్ వేరే కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడిగాను", "వాయిదా తీసుకున్నాను", "నకలుకు దరఖాస్తు పెట్టాను" అన్నవే పేజీల నిండా ఉండవచ్చు. మొదటి ఏడాదిలో అది సహజం; గుమస్తా పని తెలియని వకీలుకు, ఫైలింగ్ సెక్షన్ నుంచి ప్లెయింటు (దావా పత్రం) ఎందుకు తిరిగొచ్చిందో ఎప్పటికీ అర్థం కాదు. కానీ రెండో ఏడాది ముగుస్తున్నా ప్రతివాది తరఫు జవాబు, అంటే ఒక్క రిటన్ స్టేట్‌మెంటైనా మీ చేత రాయించి దిద్దలేదంటే, ఒక్క చిన్న సాక్షినైనా మిమ్మల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయనివ్వలేదంటే, మీ అసంతృప్తి న్యాయమైనదే. మరోవైపు, నోరు కటువైనా చేతికి పని ఇచ్చే సీనియర్లు ఉన్నారు. ఇనాం భూమి దావాలో పాత అడంగల్ ఎలా చదవాలో, పార్వతీపురం వైపు ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి వెళ్లకుండా ఆపే 1/70 చట్టం ఎలా అడ్డు వస్తుందో పక్కన కూర్చోబెట్టుకుని చూపించే మనిషి విసుక్కున్నా, ఇంకొన్నాళ్లు అక్కడే ఉండమంటాను. కసురుకోవడం వేరు, కించపరచడం వేరు. కులం పేరెత్తినా, ఆడపిల్లల విషయంలో హద్దు మీరినా డైరీ తిరగేయనవసరం లేదు, ఆ సాయంత్రమే బయటకు రావాలి.

వదలాలని తేల్చుకున్నవారు వదిలే తీరు కూడా చూసుకోవాలి. "మేమూ మీతోనే వచ్చేస్తాం బాబూ" అని పార్టీలు అంటే సంతోషంగానే ఉంటుంది. కానీ ఇంకొకరి వకాల్తా ఉన్న కేసులో వారి సమ్మతి లేకుండా, అది దొరకనప్పుడు కోర్టు అనుమతి లేకుండా, మీ వకాల్తా వేయకూడదు. సీనియర్ పేరుతో పాటు మీ సంతకం కూడా ఉన్న వకాల్తాలకు జాబితా రాసుకుని, ఏ కేసు ఏ దశలో ఉందో, వచ్చే వాయిదా ఎప్పుడో కాగితం మీద పెట్టి అప్పగించండి. లా ఫర్మ్‌లో ఒప్పందం మీద పనిచేస్తున్నవారు నోటీసు గడువు పాటించాలి. బయటకు వచ్చాక ఫలానా చోట ప్రాక్టీసు చేయరాదన్న షరతు ఉంటే వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదనే 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చదవండి, భయం తగ్గుతుంది.

మారడానికి అనువైన కాలం మే నెల. సివిల్ కోర్టులకు వేసవి సెలవులు గనుక ఫైళ్లు తొందర లేకుండా అప్పగించవచ్చు. బొబ్బిలిలోనో చీపురుపల్లిలోనో మీరు చేరదలచిన సీనియర్ కూడా కాస్త తీరికగా మాట్లాడతారు. భృతి ఎంతని అడగండి, మొహమాటపడకండి. ఆ తరువాత, మొదటి ఏడాదిలో తన జూనియర్ల చేత ఏమేం రాయిస్తారో అది కూడా అడగండి.