అప్పు చుట్టూ తిరిగిన నా చదువు

సభకు నమస్కారం.

ఈ మధ్య ఏమి చదివారు, ఇకముందు ఏమి చదవబోతున్నారు అని నన్ను అడిగినప్పుడు పుస్తకాల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. రాసినవన్నీ ఒకే విషయానికి చెందినవని అప్పుడే గమనించాను. ఏడాదిగా నేను మన విశాఖలోని మత్స్యకారుల పేట జాలారిపేట నేపథ్యంలో, పడవ కోసం అప్పు చేసిన ఒక కుటుంబం గురించి నవల రాస్తున్నాను. నాకు తెలియకుండానే నా చదువంతా అప్పు చుట్టూ తిరిగింది.

నవలలో అప్పును చూపించడం నేననుకున్నంత సులువు కాలేదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే దాని మీద దావా వేసి బాకీ రాబట్టుకోలేరు. అందుకని గడువు తీరకముందే నోటు తిరగరాయించుకుంటారు, ఆ తిరగరాతలో వడ్డీ వచ్చి అసలులో కలిసిపోతుంది. నా మొదటి చిత్తుప్రతిలో ఈ లెక్క అంతా ఉంది, తప్పు లేకుండా ఉంది, కానీ ఆ నోటు మీద వేలిముద్ర వేసిన మనిషి మాత్రం లేడు.

అప్పుడు కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ మళ్లీ తీశాను. ఈ ఊళ్లోనే ఎన్నో ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసిన మాస్టారు రాసిన కథ అది. దాని ముగింపు గురించే అందరూ మాట్లాడతారు. నేను ఈసారి ముగింపుకు ముందున్న పంచాయితీ దగ్గరే ఆగిపోయాను. అక్కడ అప్పుపడ్డ అప్పల్రాముడు తన బాకీ ఎంత అని చెప్పడానికి తన జీవితమంతా చెప్పవలసి వస్తుంది. ఎదుటివాళ్లు కాగితం చూపిస్తారు, ఇతను తను పడిన కష్టం చూపిస్తాడు. ఆ రెండు లెక్కలూ ఎక్కడా కలవవు. నా చిత్తుప్రతిలో లోపించినది ఈ రెండో లెక్కేనని అక్కడ అర్థమైంది.

రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’లో అప్పు ఊరి ముందుకు రాదు, మనిషి లోపలే ఉంటుంది. కాంట్రాక్టరు గవరయ్యకు బాకీపడ్డ గుమాస్తా సుబ్బయ్యకు ఆ బాకీ డబ్బుగా కాక భయంగా తోస్తుంది, వీధి మలుపు తిరగడం కూడా అతనికి కష్టమవుతుంది. ఈ విశాఖలోనే వకీలుగా ఉంటూ నోట్లనూ దావాలనూ రోజూ చూసిన రచయిత నవలలో చట్టం గురించి ఎక్కువ చెప్పకుండా, సుబ్బయ్య ఆలోచన ఎక్కడ తడబడిందో అక్కడే నిలిచి చూశాడు. యువ రచయితలు ఈ పుస్తకాన్ని ఒక్కసారి కథ కోసం, మరోసారి వాక్యం కోసం చదవాలని నా కోరిక. భయపడే మనిషి ఆలోచన ఎలా తెగి, ఎలా అతుక్కుంటుందో వాక్యంలోనే వినిపిస్తుంది.

ఇక చదవవలసినవి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కాలేజీ రోజుల్లో చదివినప్పుడు అందులోని కథానాయకుడు సీతారామారావు మీద కోపమే మిగిలింది. ఆస్తి కరిగిపోతున్నప్పుడు మనసు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇప్పుడు ఆ కోపం లేకుండా చదవాలి. ‘కన్యాశుల్కం’ 1897 నాటి మొదటి కూర్పునూ 1909 నాటి మలి కూర్పునూ పక్కపక్కన పెట్టుకుని, పెళ్లి బేరాల సంభాషణ ఎలా పెరిగిందో చూడాలని ఉంది.

అన్నిటికన్నా ముందు చదవవలసింది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’. 1922లో వెలువడి, ప్రభుత్వ నిషేధానికి గురైన ఆ నవలను నేను ఇంతవరకు ముక్కలుగానే చదివాను. ఇది చెప్పడానికి నాకు బాధగా ఉంది. కూలి ఎంత ఇవ్వాలి, ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న ఒక ఊరి మొత్తాన్ని ఎలా కదిలించిందో నాకు పూర్తిగా కావాలి, ఎందుకంటే నా నవలలో అలాంటి చోటే కలం ఆగింది. అప్పిచ్చిన వ్యాపారికే వేటంతా అమ్మాలి, ధర అతనే చెబుతాడు, బుట్టలు ఒడ్డుకు దిగాయి. పడవ మనిషి ఇప్పుడు నోరు విప్పాలి. ‘మాలపల్లి’లోని రామదాసు కథ చివరిదాకా చదివాకే ఆ మాట రాస్తాను.