అజేలియా సభలు, మోరిసన్ కొండ

అందరికీ నమస్కారం.

మేరీలాండ్‌లో, వర్జీనియాలో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ఇంటితో పాటే వసంతంలో విరగబూసే రెండు మూడు అజేలియా పూల పొదలూ వచ్చి ఉంటాయి. బిల్డరో, అంతకుముందున్న ఓనరో నాటినవి. మనం కరివేపాకు కుండీని చలి మొదలవగానే హాల్లోకి తెచ్చి చంటిపిల్లలా సాకుతాం. వీటిని మాత్రం ఏప్రిల్ చివర్లో ఓ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, మళ్లీ ఏడాది దాకా పట్టించుకోం. ఆ పొదల వెనకాల ఎవరి కష్టం ఉందో నాకు అజేలియా సొసైటీ ఆఫ్ అమెరికా సభలకు వెళ్లాకే తెలిసింది.

ఈ సంఘం 1977లో మొదలైంది. సభలంటే పెద్ద హడావుడేమీ ఉండదు. పొద్దున బస్సుల్లో తోటలు, సాయంత్రం ప్రసంగాలు, మధ్యలో మొక్కల అమ్మకం. తేదీలు చాలా ముందే ఖాయం చేసుకోవాలి. పువ్వులు ఆ తేదీలను లెక్కచేయవు కదా! ఎండలు ముందొస్తే రాలిపోతాయి, చలి ఆలస్యంగా వెళ్తే మొగ్గల మీదే ఉంటాయి. నిర్వాహకుల టెన్షనంతా అదే. భోజనాల దగ్గర వాళ్లు మాట్లాడుకునేది కూడా వాతావరణం గురించే.

బస్సు దిగిన సభ్యుల్ని గమనించడం ఓ సరదా. మనలాంటి వాళ్లం ముందు పువ్వు చూస్తాం. వాళ్లు వంగి ఆకు తిప్పి చూస్తారు. పైన తెల్లటి చుక్కలు చుక్కలుగా ఉండి, కింద నల్లటి మచ్చలు కనిపిస్తే లేస్ బగ్ పట్టినట్టు. ఆ పురుగు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది. మొక్కకు ఎండ ఎక్కువైన చోట దీని బెడద ఎక్కువ. ఆ తర్వాత లేబుల్ వెతుకుతారు. లేబుల్ లేకపోతే తోట యజమానిని పట్టుకుని అడుగుతారు. ఆయనకూ గుర్తులేకపోతే నలుగురు చేరి కేసరాలు లెక్కపెట్టి, రేకుల అంచు చూసి వాదించుకుంటారు. మొదట నాకిది చాదస్తంగా అనిపించింది. మోరిసన్ కథ విన్నాక అలా అనిపించలేదు.

బెంజమిన్ మోరిసన్ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్‌కు, అంటే ప్రభుత్వ వృక్షోద్యానానికి, మొదటి డైరెక్టర్. దక్షిణాది రాష్ట్రాల్లో పెద్ద పువ్వుల అజేలియాలు విరగబూస్తాయి, కానీ వాషింగ్టన్ చలికి నిలవవు. ఇక్కడి చలికి తట్టుకునేవాటిలో చాలావాటికి పువ్వు చిన్నది. ఈ రెండు గుణాలూ ఒకే మొక్కలో కలపాలని ఆయన పట్టుబట్టాడు. మన ప్రిన్స్ జార్జెస్ కౌంటీలోని గ్లెన్ డేల్‌లో, ప్రభుత్వ మొక్కల కేంద్రంలో, వేలకు వేలు సంకరాలు చేసి పెంచాడు. అందులోంచి 454 రకాలకు పేర్లు పెట్టి విడుదల చేశాడు. ఒక్క మనిషి చేతి మీదుగా అన్ని! నిజం చెప్పాలంటే 454 మరీ ఎక్కువ. వాటిలో కొన్నింటిని పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం నా వల్ల కాలేదు. కానీ మార్తా హిచ్‌కాక్ అనే రకాన్ని మాత్రం ఒకసారి చూస్తే మర్చిపోరు. అరచేతిలో సగం ఉంటుంది పువ్వు. మధ్యంతా తెలుపు, అంచు చుట్టూ వంగపండు రంగు పట్టీ, ఆ రంగు లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతుంది.

పేరు దక్కని తోబుట్టువుల్ని పారేయకుండా ఆర్బొరేటమ్‌లోని మౌంట్ హామిల్టన్ వాలు మీద ఓక్ చెట్ల నీడలో పది వేల దాకా నాటించారు. 1949లో జనాన్ని లోపలికి రానిచ్చింది ఆ పూలు చూడ్డానికే. మోరిసన్ 1951లో రిటైరై మిసిసిపీ వెళ్లి, అక్కడా అదే పని చేశాడు. ఆయన పోయాక, 1972లో విడుదల చేసిన ఓ రకానికి బెన్ మోరిసన్ అని పేరు పెట్టారు.

ఆ కొండకూ గండం తప్పలేదు. 2010లో నిధులు చాలడం లేదని ఆ వాలు మీది పొదల్ని తీసేయాలనుకున్నారు. సంఘం సభ్యులూ, ఊరి జనమూ గోల చేశారు, దాతలు ముందుకొచ్చారు, ఆ ఆలోచన విరమించుకున్నారు. అయినా ఏ తోటా ఒక్కచోటే భద్రం కాదు. అందుకే సభ్యులు అరుదైన రకాల్ని తలా ఒక కొమ్మ చొప్పున పంచుకుంటారు. ఒక పెరట్లో చచ్చినా మరో పెరట్లో ఉంటుంది. అయితే పేరు తప్పిపోతే మాత్రం ఏది ఎక్కడ మిగిలిందో చెప్పలేం. ఆ లేబుళ్ల చాదస్తం అందుకే.

ఇక మన పెరళ్ల సంగతి. పూలు వాడిన వెంటనే కత్తిరించండి, జులై నాలుగు దాటనివ్వకండి. వచ్చే ఏటి మొగ్గలు వేసవిలోనే కడతాయి. శరదృతువులో కత్తెర వేస్తే మొగ్గలు కత్తిరించినట్టే. వేర్లు పైపైనే పాకుతాయి కాబట్టి లోతుగా నాటొద్దు, మన బంకమట్టిలో అసలే వద్దు. ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే నేలలో ఆమ్లగుణం తగ్గిందేమో మట్టి పరీక్ష చేయించండి. సిమెంటు పునాదిని ఆనుకుని నాటిన చోట ఇది మామూలే. పూజకు కోసుకోండి, అభ్యంతరం లేదు. కానీ పువ్వూ ఆకూ రెండూ విషమే, ప్రసాదం పళ్లెంలో పెట్టకండి, చిన్నపిల్లలకు అందనివ్వకండి.

ఆర్బొరేటమ్‌కు ప్రవేశం ఉచితం. ఏప్రిల్ చివర్లో వారం మధ్యలో వెళ్తే పార్కింగ్ సులువు.

కొమ్మల నుంచి కొత్త మొక్కలు తెచ్చుకోవడానికి, జూన్‌లో లేత కొమ్మలు కోసి, పీట్, పెర్లైట్ (నర్సరీల్లో మట్టికి బదులు వాడేవి) కలిపిన కుండీలో గుచ్చి, పైన ప్లాస్టిక్ సంచి కట్టడం ఇక్కడే చేసి చూపిస్తాను. మీ ఇంటి మొక్క పేరు తెలిస్తే రాసుకురండి. తెలియకపోతే ఈ సీజన్‌లోనే పువ్వు ఫోటో తీసి ఉంచుకోండి, కేసరాలు కనపడేలా దగ్గర్నుంచి తీయండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.