పది శాతం యాసిడ్ సరే, పీహెచ్ ఏదీ? ఎక్స్‌ఫోలియేటింగ్ సీరమ్ రివ్యూ

హాయ్ అండీ. ఈ సీరమ్ కంపెనీ వాళ్ళే ఉచితంగా పంపారు, ముందే చెప్పేస్తున్నా. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు. జిడ్డు లేదు, త్వరగా ఇంకుతుంది, ఘాటు వాసన లేదు. బాగుంది. ఇక మిగతా వీడియో అంతా లేబుల్ గురించే.

ముందువైపు ఇంతింత అక్షరాలతో '10% గ్లైకాలిక్ యాసిడ్, డీప్ ఎక్స్‌ఫోలియేషన్' అని వేశారు, అంటే చర్మం మీది మృతకణాల్ని బాగా తొలగిస్తుందని. పీహెచ్, అంటే ఆమ్లత్వం కొలత (అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ), ఎంతో ఎక్కడా లేదు! మృతకణాల పట్టు వదిలించేది ప్రధానంగా ఫ్రీ యాసిడ్, అంటే లవణంగా మారకుండా మిగిలిన యాసిడ్. గ్లైకాలిక్ యాసిడ్ పీకేఏ 3.83, అంటే ఆ పీహెచ్ దగ్గర సగమే ఫ్రీగా ఉంటుంది, మిగతాది లవణం. పీహెచ్ 3.5 అయితే 68 శాతం దాకా ఫ్రీ. 5కి వచ్చేసరికి సుమారు 6 శాతమే. పీహెచ్‌ని రంగుతో చూపే కాగితం స్ట్రిప్ పెడితే ఈ బాటిల్ 5 చూపించింది. అంటే ఆ 10లో పనికొచ్చే యాసిడ్ 0.6 శాతం. లవణం తేమ పట్టి ఉంచుతుంది, మంచిదే. కానీ దాన్ని డీప్ ఎక్స్‌ఫోలియేషన్ అని ఎలా అమ్ముతారండీ?

మీరూ చూసుకోవచ్చు. అర పాయింటు తేడా చూపే స్ట్రిప్ తీసుకుని, ఒక చుక్క వేసి, ప్యాక్ మీద చెప్పినంతసేపు ఆగి రంగు పోల్చండి. సీరమ్‌కే రంగుంటే రీడింగ్ తప్పుతుంది. నీళ్ళు లేని నూనె సీరమ్‌కైతే ఈ పరీక్షే కుదరదు.

అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాల భద్రత పరిశీలించే సీఐఆర్ (కాస్మెటిక్ ఇంగ్రీడియెంట్ రివ్యూ) నిపుణుల ప్యానెల్ 1998లోనే గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్లకి 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు అని రెండూ కలిపే చెప్పింది. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 మార్గదర్శకం లేబుల్ మీద 'సన్‌బర్న్ అలర్ట్' వేయమంది: సన్‌స్క్రీన్ రాసుకోండి, వాడినన్నాళ్ళూ, ఆపాక ఇంకో వారం కూడా ఎండ తగ్గించండి అని. అది సిఫార్సే, పైగా పీహెచ్ ముద్రించమని అందులో లేదు. దీనికి ఆ హెచ్చరిక అట్టపెట్టె మీద మాత్రమే ఉంది. పెట్టె పారేశాక చదివేదెవరు?

ఇంకోటి, 'కణాల పునరుత్పత్తిని పెంచుతుంది' అట. శరీర నిర్మాణాన్నో పనితీరునో మారుస్తుందని చెప్పి అమ్మితే అమెరికాలో అది మందు కిందికి వస్తుంది. యూరప్‌లో 655/2013 రెగ్యులేషన్ ప్రకారం చెప్పే ప్రతి మాటకీ ఆధారం ఉండాలి.

మాయిశ్చరైజింగ్ సీరమ్‌గా అయితే సరే. ఎక్స్‌ఫోలియెంట్‌గా మాత్రం కొనొద్దు. బాటిల్ మీదే పీహెచ్, ఎండ హెచ్చరిక రెండూ అచ్చేస్తే అప్పుడు మళ్ళీ రివ్యూ చేస్తా.